సిస్టమ్‌ని చల్లటి చోటికి మార్చి చూడండి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ప్రతివాడికీ సొంతూళ్ళో జీతం లేని ఇంకో ఉద్యోగం ఉంటుంది. మీకూ తెలుసు కదా. పండక్కి ఇంటికెళితే పిన్ని గారి ఫోన్లో స్టోరేజీ ఖాళీ చెయ్యాలి, మేనమామ గారి ప్రింటర్ చూడాలి, పక్కింటి వాళ్ళ వైఫై పాస్‌వర్డ్ మార్చాలి. "మావాడు జావా రాస్తాడండీ, ప్రింటర్లు కాదు" అని మన తరఫున చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. నాకు దీని మీద పెద్ద ఫిర్యాదేం లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. కానీ 2025 ఏప్రిల్‌లో నల్లగొండలో మా ఇంటి కంప్యూటర్‌తో రెండు రోజులు కుస్తీ పట్టాక, ఇది మన వృత్తిలో ఉన్నవాళ్ళంతా కాస్త పట్టించుకోవాల్సిన విషయం అనిపించింది. అందుకే ఈ టపా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు కంప్యూటర్ సంగతి. ఇంటెల్ ఐ3, నాలుగో తరం ప్రాసెసర్. 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ స్టిక్కులు రెండు, 500 జీబీ హార్డ్ డిస్క్. 2014లో సికింద్రాబాద్ సీటీసీలో కొన్నది. మన లెక్కలో అది మ్యూజియం సరుకు. మా నాయిన లెక్కలో అది మా ఇంటికి బువ్వ పెట్టిన మెషీను. ఆయన డీటీపీ ఆపరేటరు. అంతకు ముందు లెటర్‌ప్రెస్‌లో కంపోజిటరు. సీసం అచ్చులు ఒక్కొక్కటిగా ఏరి, వరస పేర్చి, వెనకనుంచి ముందుకి చదివిన మనిషి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ళ గోస ఢిల్లీకి వినపడాలని నల్లగొండ స్థానంలో 480 మంది పోటీకి దిగితే బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ రోజుల్లో కరపత్రాలు కంపోజ్ చేసిన చేతులు ఆయనవి. తర్వాత ప్రెస్సులన్నీ మూతపడుతుంటే పేజ్‌మేకర్ నేర్చుకుని ఇంటి ముందు గదిలోనే సెంటర్ పెట్టుకున్నాడు. పెళ్ళి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, జాతర పోస్టర్లు, బడి సావనీర్లు, పక్క ఊళ్ళ కవుల పుస్తకాలు, అన్నీ ఆ డీ డ్రైవ్‌లోనే ఉన్నాయి.

2025 మార్చిలో ఆ సిస్టమ్‌కి రోగం మొదలైంది. పని మధ్యలో నీలం తెర వచ్చి దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. ఊళ్ళో ఒక సర్వీసు సెంటర్ అతన్ని పిలిపించారు. అతను సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ ఎక్కించబోయాడు. ఫైళ్ళు కాపీ అవుతుండగా ఎర్రర్. మళ్ళీ మొదలుపెడితే ఇంకో ఎర్రర్. మూడోసారి కూడా కాకపోయేసరికి "మదర్‌బోర్డు పోయింది సార్, ముప్పై అయిదు వేలు పెడితే కొత్త సిస్టమ్ వస్తది" అని తేల్చేశాడు. మా నాయిన చేసిన పుణ్యం ఏంటంటే డీ డ్రైవ్ ముట్టుకోనివ్వకపోవడం.

నాకు ఫోన్ చేసి ఆయన అడిగిన మొదటి మాట సిస్టమ్ గురించి కాదు. "అరేయ్, మా పంతులు సారు పుస్తకం అండ్లనే ఉన్నది. అది దొరుకుతదా, పోయిందా? ముందు గది చెప్పు."

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. మునుగోడు వైపు ఒక ఊళ్ళో రిటైరైన తెలుగు పంతులు గారు ఉండేవారు. ఇరవై ఏళ్ళు ఊరూరా తిరిగి వృత్తుల మాటలు పోగు చేశారు. మోట బావి మాటలు, కుమ్మరి సారె మాటలు, చండూరు, పుట్టపాక నేతగాళ్ళ మగ్గం మాటలు. పడుగు, పేక మనకి పుస్తకాల్లోనైనా తగులుతాయి. ఆసు పోయడంలో ఒక్కో దశకీ ఇంటావిడలు వాడే మాటలు ఏ నిఘంటువులోనూ కనపడవని ఆయన బాధ. 2019లో మా నాయన దగ్గర టైప్ చేయించారు. నూట తొంభై పేజీలు. ప్రూఫులు దిద్దడం కూడా అయిపోయింది. అచ్చుకి డబ్బులు సమకూరే లోపల కరోనా వచ్చింది, 2021లో ఆయన పోయారు. చేతిరాత నోటు పుస్తకాలు ఇల్లు మారేటప్పుడు పోయాయట. ఇప్పుడు వాళ్ళమ్మాయి (నేను అక్కా అని పిలుస్తాను) నాలుగు డబ్బులు జమచేసి పుస్తకం వేయిద్దామని వచ్చింది. అదే వారం సిస్టమ్ పడుకుంది.

శనివారం పొద్దున ఎల్బీ నగర్‌లో బస్సెక్కాను. బ్యాగులో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్, లినక్స్ మింట్ వేసిన పెన్ డ్రైవ్. మింట్ ఎందుకంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14ని ఆఖరు తేదీగా ముందే ప్రకటించింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. నాలుగో తరానికి అక్కడ ప్రవేశం లేదు. ఇంటర్నెట్ పనులకి మింట్, నాయిన పేజ్‌మేకర్ కోసం నెట్ కనెక్షన్ లేకుండా విండోస్ 10, ఇదీ నా ప్లాన్.

వెళ్ళగానే పెన్ డ్రైవ్‌తో లైవ్ సెషన్ బూట్ చేసి, పాత డిస్క్‌ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, డీ డ్రైవ్ మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ పెట్టాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. నాయిన మొహంలో కళ వచ్చింది. తర్వాత పాత డిస్క్ కేబుల్ పీకేసి పక్కన పెట్టాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విలువైన డిస్క్ మెషీన్‌కి తగిలించి ఉండకూడదు అన్నది నేను మొదటి ఉద్యోగంలో ఒక సీనియర్ దగ్గర నేర్చుకున్న పాఠం.

ఇక ఎస్‌ఎస్‌డీ మీద ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టాను. మూడో వంతు అయ్యాక ఆగిపోయింది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఎర్రర్, నంబరు 5. కింద ఇంగ్లీషులో పెద్ద సలహాల జాబితా. సీడీ తుడిచి చూడండి, తక్కువ వేగంతో రాసి చూడండి, హార్డ్ డిస్క్ పాతదేమో చూడండి, అన్నిటికన్నా చివర, సిస్టమ్‌ని చల్లటి చోటికి మార్చి చూడండి. ఏప్రిల్ ఆఖర్లో, నల్లగొండలో, రేకుల షెడ్డు ఆనుకుని ఉన్న గదిలో! :) మా ఊళ్ళో వేసవి నలభై నాలుగు దాటడం మామూలే. చల్లటి చోటు ఉంటే ముందు మేమే వెళ్ళి కూర్చునేవాళ్ళం. మా నాయినకి తెలుగులో చెబితే ఆయన నవ్వలేదు. నిజంగానే లోపలి గదిలో ఉన్న కూలర్ తెచ్చి క్యాబినెట్ ముందు పెట్టాడు. అమ్మ చీర కొంగుతో విసురుకుంటూ "మనుషులకు లేదు గానీ మిషన్‌కు కూలరంట" అని ఒక మాట అనేసి వెళ్ళింది.

రెండోసారి సగం దాటాక ఆగింది. వేరే పెన్ డ్రైవ్‌తో మూడోసారి, పది శాతం దగ్గరే ఆగింది. ఎస్‌ఎస్‌డీ పోర్టు మార్చాను, కేబుల్ మార్చాను. నాలుగోసారి ఇన్‌స్టాలర్ తనంతట తనే మూసుకుంది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఆఫీసులో బగ్ వేటాడేటప్పుడు మనం మొదట అడిగే ప్రశ్న, ఇది ప్రతిసారీ ఒకేచోట వస్తుందా అని. ఒకేచోట, ఒకేలా వస్తే ఫైలునో, ప్రోగ్రామునో అనుమానించొచ్చు. ప్రతిసారీ కొత్తచోట, కొత్త ముఖంతో వస్తే మాత్రం చాలావరకు కింద నేలే కదులుతోందని అర్థం. సర్వీసు సెంటర్ అతనికి వచ్చినవి రకరకాల ఎర్రర్లు. అవి విండోస్‌లో వచ్చాయి. నాకు వచ్చినవి లినక్స్‌లో. అతని పెన్ డ్రైవ్ వేరు, నావి వేరు. అతను ఎక్కించింది హార్డ్ డిస్క్ మీద, నేను ఎస్‌ఎస్‌డీ మీద. ఇన్ని మారినా రోగం మారలేదంటే మారనిదాంట్లోనే ఉంది. మారనివి ప్రాసెసరు, మదర్‌బోర్డు, పవర్ సప్లయ్, ర్యామ్.

ఒక చిన్న పరీక్ష చేశాను. మింట్ ఐఎస్ఓ ఫైలుకి చెక్‌సమ్ లెక్కగట్టాను. వెబ్‌సైట్‌లో ఇచ్చినదానితో సరిపోలేదు. రీబూట్ చేసి అదే ఫైలుకి మళ్ళీ లెక్కగడితే ఇంకో విలువ. మూడోసారి మరొకటి. అదే ఫైలు నా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం ఎన్నిసార్లు గట్టినా సరిగ్గా వెబ్‌సైట్‌లో ఉన్న విలువే. ఒకే ఫైలుకి మూడు చెక్‌సమ్‌లు రావడమంటే రెండూ రెండూ కూడితే ఓసారి నాలుగు, ఓసారి అయిదు రావడం లాంటిది. నాయినకి ఇలా చెప్పాను: "నువ్వు అచ్చులు సరిగ్గానే పేర్చినవ్ నాయినా, కానీ పేర్చే బల్ల వంకరున్నది."

మెమ్‌టెస్ట్ పెట్టాం. అది ఆపరేటింగ్ సిస్టమ్‌తో పని లేకుండా నేరుగా బూట్ అయి, మెమరీలో ప్రతి గడిలోనూ రకరకాల నమూనాలు రాసి, తిరిగి చదివి, రాసిందే వచ్చిందా అని చూస్తుంది. పావుగంట తిరక్కుండానే తెర మీద ఎర్ర వరసలు. ఒక స్టిక్ తీసేసి రెండోది ఒక్కదాన్నే పెట్టి నడిపాం. శుభ్రంగా వచ్చింది. మొదటిది ఒక్కదాన్నే పెడితే మళ్ళీ ఎర్ర వరసలు.

అప్పుడు నాయిన, "గోల్డ్ పట్టీలు రబ్బరు పెట్టి రుద్దు" అన్నాడు. మన దేశంలో ప్రతి కంప్యూటర్ రిపేరు షాపులో మొదటి వైద్యం అదే కదా. ప్రెస్సులో అచ్చుకు సిరా అట్టుకుంటే కిరసనాయిలుతో కడిగేవాళ్ళట, ఇదీ అంతే అని ఆయన లెక్క. తీసిపారేసే మాట కాదు. దుమ్ము, తేమ పట్టి కాంటాక్టులు పాడవడం మామూలే, రబ్బరుతో రుద్దితే బతికిన ర్యాములు ఎన్నో. రుద్దాం. స్లాట్ కూడా మార్చాం. మళ్ళీ పరీక్షిస్తే సరిగ్గా అవే అడ్రసుల్లో తప్పులు. అంటే కాంటాక్టు సమస్య కాదు, చిప్పే చచ్చింది. మదర్‌బోర్డు నిక్షేపంగా ఉంది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం అప్పుడే గుండెలో రాయి పడింది.

పొద్దున చేసిన కాపీ! డిస్క్ నుంచి డిస్క్‌కి కాపీ అంటే నేరుగా వెళ్ళిపోదు. ప్రతి బైటూ ర్యామ్‌లోకి వచ్చి, అక్కణ్ణుంచి రెండో డిస్క్‌లోకి వెళుతుంది. మధ్యలో ర్యామ్ ఒక బిట్టు తిప్పేస్తే, తప్పు బైటునే నమ్మకంగా రాసేస్తుంది. ఎర్రర్ రాదు. ఫైలు సైజు కూడా మారదు. మన ఆఫీసు సర్వర్లలో ఈసీసీ మెమరీ ఉంటుంది, ఒక బిట్టు తిరిగితే తనే సరిదిద్దుకుంటుంది. ఇళ్ళలో ఉండే మామూలు ర్యామ్‌కి ఆ సోయి లేదు. "కాపీ పూర్తయింది" అన్న సందేశానికి అర్థం కాపీ పని పూర్తయిందని మాత్రమే, కాపీ సరిగ్గా ఉందని కాదు.

ఆ రాత్రి మంచి స్టిక్ ఒక్కదానితో మెమ్‌టెస్ట్ తెల్లారేదాకా నడిపాను. ఒక్క తప్పూ లేదు. ఆదివారం పొద్దున పాత డిస్క్ మళ్ళీ తగిలించి, రీడ్ ఓన్లీగానే, రెండు వైపులా ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ గట్టి పోల్చాను. ఆరు వేల చిల్లర ఫైళ్ళు. పదకొండు తేడాగా వచ్చాయి. అందులో ఎక్కువ ఫోటోలు. ఒకటి పంతులు గారి పుస్తకం నాలుగో అధ్యాయం. మగ్గం మాటలది.

కాపీ అయిపోయిందన్న ధీమాతో ఎవరైనా పాత డిస్క్‌ని ఫార్మాట్ కొట్టి ఉంటే ఆ అధ్యాయం ఏమయ్యేదో ఊహించుకోండి. అసలు ఫైలు 2019 తర్వాత ఎవరూ సేవ్ చెయ్యలేదు కాబట్టి పాత డిస్క్‌లో అది సురక్షితంగానే ఉంది. ఆ పదకొండూ మళ్ళీ కాపీ చేసి మళ్ళీ పోల్చాను. ఈసారి అన్నీ సరిపోయాయి. తర్వాత మింట్ ఇరవై నిమిషాల్లో ఎక్కింది. విండోస్ ఎక్కింది. బీరువాలోంచి నాయిన పాత సీడీలు తెచ్చాడు, పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ ఎక్కాయి. నాలుగో అధ్యాయం తెరిస్తే తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆయన ఏం మాట్లాడలేదు, అద్దాలు తుడుచుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు.

రెండో ర్యామ్ కూడా దొరికింది లెండి. మా రూమ్మేటుది మహబూబ్‌నగర్. వాళ్ళింట్లో మూలన పడ్డ సిస్టమ్‌లోంచి ఒక డీడీఆర్3 స్టిక్ పీక్కొచ్చి ఇచ్చాడు. ముప్పై అయిదు వేల పని టీ ఖర్చుతో అయిపోయింది.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్నది. ర్యామ్ కథ సగమే. మిగతా సగం ఫాంటుది.

పంతులు గారి ఫైలుని అను ఫాంట్ లేని మెషీన్‌లో తెరిస్తే తెలుగు కనపడదు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన చెత్త కనపడుతుంది. ఎందుకంటే అందులో ఉన్నది నిజానికి తెలుగు అక్షరాల కోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్టు ఒకచోట, వొత్తు ఒకచోట, గుడి ఒకచోట అని తెలుగు ముక్కలు బొమ్మలుగా కూర్చారు. దీన్ని తప్పుపట్టే హక్కు మనకి లేదు. తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా విండోస్‌లో తెలుగు కనపడటానికి ఎక్స్‌పీ దాకా, అంటే 2001 దాకా ఆగాల్సి వచ్చింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 కూడా 2001దే, దానికి యూనికోడ్ తెలుగు రాదు. అడోబీ ఆ తర్వాత ఇన్‌డిజైన్ మీదకి వెళ్ళిపోయింది. మన ఊళ్ళల్లో డీటీపీ వాళ్ళు మాత్రం ఆ పాత జంటతోనే తెలుగుని నిలబెట్టారు. అను లాంటి ఫాంట్లు లేకపోతే మన చిన్న ఊళ్ళలో ఇన్ని పుస్తకాలు అచ్చయ్యేవే కావు.

కానీ దాని ఫలితం చూడండి. రెండు మూడు దశాబ్దాల ఊరి తెలుగు అంతా ఇలాంటి డీ డ్రైవుల్లో ఉంది. గూగుల్‌కి కనపడదు, వెతికితే దొరకదు. అది చదవాలంటే పాత ప్రోగ్రాం కావాలి, ఆ ప్రోగ్రాంకి పాత విండోస్ కావాలి, దానికి పాత మెషీన్ కావాలి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా అంతే. 2025 అక్టోబర్‌లో విండోస్ 10 గడువు ముగిసింది. పాత సిస్టమ్‌లు తుక్కు కిందకి వెళ్ళిపోతున్నాయి. వాటిలో హార్డ్ డిస్కులు కూడా వెళ్ళిపోతున్నాయి. మా రూమ్మేటు వాళ్ళ మామ మహబూబ్‌నగర్‌లో ఇప్పటికీ ఎక్స్‌పీ మీదే పత్రికలు కొడతాడు. "ఆయన కంప్యూటర్ చచ్చిన రోజు మా ఊరి సగం చరిత్ర పోతది" అని మావాడు సరదాకి అన్నాడు గానీ, నాకు నవ్వు రాలేదు.

నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో 2023లో ఐటీ టవర్లు వచ్చాయి. సంతోషం. మన ఊళ్ళకి ఉద్యోగాలు రావాలి. కానీ ఆ టవర్లకి కూతవేటు దూరంలో ఉన్న డీటీపీ సెంటర్లలో ఏముందో మనలో ఎంతమందిమి చూశాం? పెద్ద పెద్ద కంపెనీల డేటా ఒక డేటాబేస్ నుంచి ఇంకో డేటాబేస్‌కి మార్చి, ప్రతి వరసా సరిపోయిందా అని పోల్చి చూసి జీతం తీసుకునేవాళ్ళం కదా. అదే పని మన ఊళ్ళో చెయ్యాలంటే కావలసింది ఒక ఆదివారం, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్.

కాబట్టి ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ఇంత చెయ్యండి. మీ ఊళ్ళో పాత డీటీపీ ఆపరేటర్ ఎవరో కనుక్కోండి, వెళ్ళి కూర్చుని మాట్లాడండి. ఆయన ఒప్పుకుంటే డ్రైవ్ కాపీ తీసుకోండి. కాపీ తీసే ముందు మెమ్‌టెస్ట్ నడపండి, తీశాక చెక్‌సమ్‌లు పోల్చండి. ఫాంటు ఫైళ్ళు, ప్రోగ్రాం సీడీలు కూడా దాచమని చెప్పండి. వీలైన వాటిని యూనికోడ్‌లోకి మార్చండి. కన్వర్టర్లు ఉన్నాయి గానీ వాటిని పూర్తిగా నమ్మకండి, వొత్తుల దగ్గర తప్పులు వస్తాయి, మనిషి కూర్చుని దిద్దాల్సిందే. పంతులు గారి పుస్తకానికి ఆ దిద్దుబాటు పని నాయిన, అక్క కలిసి చేస్తున్నారు. నూట ముప్పై పేజీలు దాటారు. ఆసు దగ్గర ఒక మాట కన్వర్టర్ తప్పో, టైపింగ్ తప్పో, నిజంగానే అలా అంటారో తేలక పుట్టపాకలో ఒక ముసలమ్మకి ఫోన్ చేశారట. ఆమె ఫోన్లో పడీ పడీ నవ్వి, "గట్లనే అంటం బిడ్డా, సరిగ్గనే రాసిండు సారు" అందట.

మీ ఊళ్ళో ఇలాంటి డిస్కులు ఉంటే, మీరేమైనా ప్రయత్నించి ఉంటే కామెంట్లలో చెప్పండి. నాలుగు పాత డీడీఆర్3 స్టిక్కులు నా దగ్గర పోగయ్యాయి, పరీక్షించినవే. కావలసినవాళ్ళు అడగండి.